ప్రయాణానికి ముందు పరచిన దస్తర్‌ఖాన్

సెలవు ముగిసి, బిడ్డ మళ్ళీ విదేశానికి బయలుదేరే ముందు రాత్రి ఇంటిల్లిపాదీ కలిసి భోంచేయటం మన ఇళ్ళలో ఇప్పుడు కొత్త విషయమేమీ కాదు. రాయచోటి, కడప మొదలుకొని కరీంనగర్, నిజామాబాద్, హైదరాబాద్ పాతబస్తీ వరకు ఎన్నో ముస్లిం కుటుంబాల్లో ఒకరో ఇద్దరో కువైట్‌లోనో, సౌదీలోనో, దుబాయిలోనో, ఖతర్‌లోనో పని చేస్తూనే ఉంటారు. చాలామందికి రెండేళ్ళకోసారి దొరికే సెలవు నెలో, నలభై రోజులో. అందులో కొన్ని రోజులు బంధువుల ఇళ్ళకు, కొన్ని రోజులు పెళ్ళిళ్ళకు, కొన్ని రోజులు ఆఫీసుల చుట్టూ తిరగటానికే సరిపోతాయి. చివరికి ఆ రాత్రి రానే వస్తుంది. ఒక మూల సూట్‌కేసులో ఊరగాయ, నిప్పట్లు, మసాలా పొట్లాలు సర్దుతుంటారు. మరో పక్క బిర్యానీ దించుతుంటారు. తల్లి ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వస్తుంది.

ఈ భోజనం వట్టి ఆచారమేనా? లేక దీని గురించి మన ధర్మం మనకేమైనా నేర్పుతుందా?

కలిసి తినటం, బంధువులను పిలవటం, ప్రయాణికుణ్ణి దుఆలతో సాగనంపటం, ఇవన్నీ ధర్మానికి ఇష్టమైన పనులే. అయితే ఈ దస్తర్‌ఖాన్‌కు మరో విశేషం ఉంది. ఇది అమానతు సమయం. అమానతు అంటే అప్పగింత. వెళ్ళేవాడు ఇంటివారిని అల్లాహ్‌కు అప్పగిస్తాడు. ఇంటివారు అతణ్ణి అల్లాహ్‌కు అప్పగిస్తారు. అప్పగించే ముందు ఒకరిపై ఒకరికున్న హక్కులను సరిచూసుకోవాలి కదా! మనం మాత్రం తరచుగా కూర రుచి చూస్తాం, సూట్‌కేసు బరువు చూస్తాం, హక్కుల బరువు చూడం. ఈ పాఠంలో ఆ హక్కుల గురించే తెలుసుకుందాం.

యాఖూబ్ (అ) సాగనంపిన తీరు

బతుకుతెరువు కోసం బిడ్డలను పరదేశానికి పంపిన తండ్రి గాథ దివ్య ఖుర్ఆన్‌లోనే ఉంది. కరువు కాలంలో హజ్రత్ యాఖూబ్ (అ) కుమారులు ధాన్యం కోసం ఈజిప్టు వెళ్ళారు. రెండోసారి వెళ్ళేటప్పుడు చిన్న తమ్ముణ్ణి కూడా వెంట తీసుకెళ్ళవలసి వచ్చింది. అంతకుముందే యూసుఫ్ (అ)ను పోగొట్టుకున్న ఆ తండ్రి గుండె ఎంత తల్లడిల్లి ఉంటుందో ఊహించండి! అయినా ఆయన పంపించారు. ఎలా పంపించారో యూసుఫ్ సూరా 64 నుంచి 67 వరకు ఉన్న ఆయతులు చెబుతాయి. వాటిలో మనకు మూడు పాఠాలున్నాయి.

మొదటిది: ఆయన మాట తీసుకున్నారు. తమ్ముణ్ణి తప్పక తిరిగి తీసుకువస్తామని కుమారుల చేత అల్లాహ్ పేర ప్రమాణం చేయించారు. కాని అందులో ఒక మినహాయింపు కూడా ఉంచారు: మీరంతా చిక్కుకుపోయి నిస్సహాయులైతే తప్ప అన్నారు. గమనించండి, తండ్రి తన బిడ్డలపై మోయలేని బరువు పెట్టలేదు. మనలో కొందరు ఆ చివరి రాత్రే 'వచ్చే ఏడాదికల్లా పైఅంతస్తు లేవాలి', 'చెల్లెలి పెళ్ళి ఖర్చంతా నీదే' అని బిడ్డ చేత మాటలు తీసుకుంటారు. అక్కడ అతని జీతమెంతో, అప్పు ఎంతో అడగరు. మాట తీసుకోవటం తప్పు కాదు, నిస్సహాయతకు చోటు ఉంచకపోవటం తప్పు.

రెండవది: ఆయన లోకజ్ఞానంతో కూడిన సలహా ఇచ్చారు. అందరూ ఒకే ద్వారం గుండా ప్రవేశించవద్దని, వేర్వేరు ద్వారాల గుండా వెళ్ళమని చెప్పారు. అంతమంది అన్నదమ్ములు ఒకేసారి కనబడితే దిష్టి తగులుతుందన్న భయంతో ఆ మాట చెప్పారని చాలామంది వ్యాఖ్యాతలు వివరించారు. కారణమేదైనా జాగ్రత్త చెప్పటం ప్రవక్తల సున్నతేనని తెలుస్తోంది.

మూడవది: ఆ వెంటనే, అల్లాహ్ నిర్ణయం నుంచి నేను మిమ్మల్ని తప్పించలేనని చెప్పి తన భారమంతా ఆయనపైనే వేశారు. ఇదే తవక్కుల్. జాగ్రత్త చెప్పకుండా వట్టి తవక్కుల్ అనటం అజాగ్రత్త. జాగ్రత్తలనే నమ్ముకుని అల్లాహ్‌ను మరవటం అవిశ్వాసపు పోకడ. ఆ తండ్రి రెంటినీ కలిపారు.

దస్తర్‌ఖాన్ మీద ఎవరెవరు?

కడుపు నిండటం లేదని సహచరులు విన్నవించుకున్నప్పుడు దైవప్రవక్త (స), మీరు విడివిడిగా తింటున్నారేమోనని అడిగి, కలిసి కూర్చుని అల్లాహ్ పేరు తీసుకుని తినమని, అందులో శుభం కలుగుతుందని చెప్పినట్లు అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఇద్దరి భోజనం ముగ్గురికి సరిపోతుందన్న భావం గల హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉంది. కనుక బర్కత్ వంటకాల సంఖ్యలో లేదు, కలిసి కూర్చోవటంలో ఉంది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకుందాం. ఆ రాత్రి మన దస్తర్‌ఖాన్ చుట్టూ అందరూ ఉన్నారా? ఆస్తి తగాదాతో మాటలు మానేసిన చాచా ఉన్నారా? పోయినసారి పెళ్ళిలో అలిగి వెళ్ళిపోయిన ఫుప్పు ఉన్నారా? ముస్లిం తన సోదరునితో మూడు రోజులకు మించి మాటలు మానటం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. వారిద్దరిలో ముందుగా సలాం చెప్పేవాడే మేలైనవాడని కూడా చెప్పారు. బంధుత్వాన్ని కలుపుకునేవాడంటే, ఇచ్చినదానికి తిరిగి ఇచ్చేవాడు కాడని, అవతలివారు తెంచినా తాను కలిపేవాడని వివరించారు. ఉపాధిలో విస్తృతి, ఆయుష్షులో వృద్ధి కోరుకునేవాడు బంధుత్వ సంబంధాలు కలుపుకోవాలన్న హదీసు కూడా మనకు తెలిసిందే. ఉపాధి కోసమే సముద్రం దాటుతున్న బిడ్డకు ఈ హదీసు కన్నా దగ్గరి హదీసు ఏముంటుంది? వీసా కోసం ఎన్నో గడపలు ఎక్కాం. సలాం చెప్పటానికి చాచా గడప ఒక్కటి ఎక్కలేమా?

కూర వండినప్పుడు కొంచెం పులుసు ఎక్కువ చేసి పొరుగువారికి పంపమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూ జర్ (రజి)కు ఉపదేశించారు. పొరుగింటివారు ఏ మతం వారైనా పొరుగు హక్కు పొరుగు హక్కే. రేపు బిడ్డ దూరంగా ఉన్నప్పుడు అర్ధరాత్రి తండ్రికి ఛాతీలో నొప్పి వస్తే ముందుగా తలుపు తీసేది ఆ పొరుగువారే.

ఇక ఖర్చు సంగతి. తిరుగు ప్రయాణానికే టికెట్టు డబ్బు అప్పు తెచ్చుకున్న ఇంట్లో పేరు కోసం వందమందికి విందు చేయటం ఏ ధర్మం? తినండి, త్రాగండి, మితిమీరకండి అన్నదే ఖుర్ఆన్ బోధన. రాగి సంగటి, నాటుకోడి పులుసుతో పదిమంది సొంతవాళ్ళు కూర్చుంటే ఆ భోజనానికి ఏ లోటూ లేదు. దైవప్రవక్త (స) ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదు. ఇష్టమైతే తిన్నారు, లేకుంటే వదిలారు.

ఇంట్లో ఉండిపోయిన బిడ్డ

చాలా ఇళ్ళలో ఆ రాత్రి మంచి ముక్క వెళ్ళేవాని పళ్ళెంలో పడుతుంది. మాటలన్నీ అతని చుట్టే తిరుగుతాయి. ఇంటి పట్టున ఉండి తండ్రిని ఆసుపత్రికి తిప్పేవాడు, రేషను తెచ్చేవాడు, రాత్రి తల్లి కాళ్ళు పట్టేవాడు పక్కన వడ్డిస్తూ నిలబడతాడు. డబ్బు పంపే బిడ్డ కనబడినంతగా సేవ చేసే బిడ్డ కనబడడు.

హజ్రత్ నోమాన్ బిన్ బషీర్ (రజి) చిన్నతనంలో ఆయన తండ్రి ఆయనకు ఒక కానుక ఇచ్చి, దానికి దైవప్రవక్త (స)ను సాక్షిగా ఉండమని కోరారు. మిగతా పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ప్రవక్త (స) అడిగారు. లేదనగానే సాక్ష్యానికి నిరాకరించి, అల్లాహ్‌కు భయపడి పిల్లల మధ్య న్యాయం పాటించమన్నారు. ఈ హదీసు ఆస్తి కానుకల గురించే అయినా, అందులోని న్యాయం తల్లిదండ్రుల చూపుకూ మాటకూ కూడా వర్తిస్తుంది. వెళ్ళే బిడ్డ స్వయంగా ఆ తమ్ముణ్ణి తన పక్కన కూర్చోబెట్టుకుని, 'నేను డబ్బు పంపగలుగుతున్నానంటే నువ్వు ఇక్కడ ఉండబట్టే' అని అందరి ముందు ఒక్క మాట అంటే చాలు. ఆ మాటకు డబ్బు ఖర్చు కాదు. ఎన్నో ఏళ్ళ మనస్తాపం కరిగిపోతుంది.

అలాగే ఫజ్ర్ నుంచి పొయ్యి దగ్గరే ఉన్న కోడళ్ళు, ఆడబిడ్డలు! పొగ, వేడి భరించి వండి తెచ్చిన సేవకుణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, కుదరకపోతే ఒకటి రెండు ముద్దలైనా ఇవ్వండి అని ప్రవక్త (స) ఆదేశించారు. సేవకుని హక్కే ఇంతటిదైతే, ఇంటి ఇల్లాలు అందరూ తిన్నాక అడుగు మిగిలినది తినటం మనకు ఎలా తోచింది?

భార్య హక్కు

ఈ విషయం దస్తర్‌ఖాన్ మీద ఎవరూ ఎత్తరు. కాని ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ పోగొట్టుకునేది భర్త వెళ్ళిపోయాక మిగిలే భార్యే. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న రోజుల్లో ఒక రాత్రి గస్తీ తిరుగుతూ, భర్త యుద్ధానికి వెళ్ళిన ఒక స్త్రీ వేదన విన్నారు. భార్య భర్త లేకుండా ఎంతకాలం ఓర్చుకోగలదని తమ కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)ను అడిగారు. ఆమె నాలుగు నెలలని చెప్పినట్లు కొన్ని ఉల్లేఖనాల్లో, ఆరు నెలలని మరికొన్నిటిలో ఉంది. ఆ తరువాత సైనికులను అంతకు మించి ఇళ్ళకు దూరంగా ఉంచవద్దని ఆయన ఆజ్ఞ జారీ చేశారు.

దీని ఆధారంగానే, భార్య మనస్ఫూర్తిగా సమ్మతించకుండా ఇంతకు మించి దూరంగా ఉండరాదని ఫుఖహా (ధర్మశాస్త్ర పండితులు) చెప్పారు. రెండేళ్ళ వీసా మీద వెళ్ళేవాడు అత్తమామల ముందు కాదు, ఒంటరిగా ఆమెను అడగాలి. ఆమె మౌనాన్ని సమ్మతిగా లెక్క కట్టకూడదు. ఆమె ఖర్చుకు విడిగా ఎంత, ఎవరి చేతికి పంపేదీ తేల్చాలి. తన పిల్లల మందుల కోసం ఆమె మరిదిని చేయి చాచి అడిగే స్థితి రాకూడదు.

హజ్రత్ ఇబ్రాహీం (అ) అల్లాహ్ ఆజ్ఞపై హజ్రత్ హాజిరా (అ)ను, పసికందు ఇస్మాయీల్ (అ)ను మక్కా లోయలో వదలి వెళ్ళేటప్పుడు ఒక తిత్తిలో ఖర్జూరాలు, ఒక తోలుసంచిలో నీళ్ళు ఉంచి వెళ్ళారని బుఖారీ హదీసులో ఉంది. కనుమరుగయ్యాక అటు తిరిగి దుఆ చేశారు. ముందు ఆహారం ఉంచారు, ఆ తరువాత చేతులెత్తారు. ఈ వరుసను మనం మరవకూడదు.

కానుకా? అప్పా? అమానతా?

మన ప్రాంతాల్లో అన్నదమ్ములను విడదీస్తున్న పెద్ద జబ్బు ఒకటుంది. బిడ్డ పదేళ్ళు, పదిహేనేళ్ళు డబ్బు పంపుతాడు. తండ్రి తన స్థలంలో ఇల్లు కడతాడు. కాగితాలన్నీ తండ్రి పేరు మీదే ఉంటాయి. తండ్రి కన్నుమూశాక 'ఇది నా చెమట' అని ఒకడు, 'ఇది అబ్బాజాన్ ఆస్తి, అందరికీ వాటా' అని మరొకడు. జనాజా లేచిన ఇంట్లోనే తగాదా లేస్తుంది. ఇద్దరూ చెడ్డవారు కాకపోవచ్చు. ఆ డబ్బు ఏ ఉద్దేశంతో పంపారో ఎవరూ ఏనాడూ చెప్పకపోవటమే అసలు తప్పు.

కనుక పంపే ప్రతి పెద్ద మొత్తానికి మూడు పేర్లలో ఒక పేరు పెట్టండి. తల్లిదండ్రులకు కానుక అయితే అది వారిదే. రేపు వారసత్వంలో అందరికీ వాటా ఉంటుంది, అప్పుడు మనసు మార్చుకోరాదు. అప్పు అయితే వారి మరణానంతరం వారసత్వం పంచే ముందే తీర్చాలి. అమానతు అయితే, అంటే 'నా కోసం ఇల్లు కట్టండి' అని ఇచ్చినదైతే, ఆ డబ్బు బిడ్డదే. స్థలం తండ్రిదైతే దాని సంగతీ విడిగా తేల్చుకోవాలి. అప్పు లావాదేవీలను రాసి పెట్టుకోమని, సాక్షులను ఉంచుకోమని అల్లాహ్ బఖరా సూరా 282వ ఆయతులో ఆదేశించాడు. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు ఇదే. తండ్రీ కొడుకుల మధ్య కాగితం ఎందుకని సిగ్గుపడకండి. ఆ కాగితం అనుమానానికి గుర్తు కాదు, ప్రేమకు కాపలా.

అప్పుల విషయంలో మరో హెచ్చరిక. ఒక జనాజా వచ్చినప్పుడు, మృతునిపై అప్పు ఉందని, తీర్చేందుకు ఏమీ వదిలి వెళ్ళలేదని తెలిసి దైవప్రవక్త (స) స్వయంగా నమాజు చేయించక, మీరు చేయండని సహచరులతో అన్నారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తన బాధ్యత అన్నాకే నమాజు చేయించారు. రాసి పెట్టవలసిన విషయమున్న ముస్లిం వసీయత్ (వీలునామా) రాయకుండా రెండు రాత్రులు కూడా గడపరాదని కూడా ఆయన బోధించారు. వీసా కోసం తెచ్చిన అప్పు, స్నేహితుని దగ్గర తీసుకున్న చేబదులు, ఇవ్వని మహర్, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి నమ్మకమైన వ్యక్తి చేతిలో పెట్టి వెళ్ళాలి.

ఇది అపశకునం కాదు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులు నివసించే భవనంలో మంటలు చెలరేగి నలభై మందికి పైగా భారతీయులు మరణించారు. వారిలో ఎవరికీ ఆ రాత్రి చివరిదని తెలియదు. కనుక పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందాల నకళ్ళు, యజమాని చిరునామా, భారత రాయబార కార్యాలయం ఫోన్ నంబరు ఇంట్లో ఉండాలి. 2003లో ప్రారంభమైన ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రభుత్వమే తప్పనిసరి చేసిన పాలసీ తీసుకుని వెళ్ళినవారైతే, దాని కాగితం ఎక్కడుందో ఇంటివారికి చెప్పాలి. వేర్వేరు ద్వారాల గుండా వెళ్ళమన్న యాఖూబ్ (అ) సలహా ఈ కాలంలో ఇలాంటి జాగ్రత్తల రూపంలో ఉంటుంది.

వీడ్కోలు వేళ

కొన్ని ఇళ్ళలో ప్రయాణికుని కుడిచేతికి గుడ్డలో నాణెం చుట్టి ఇమామ్ జామిన్ కడతారు. వెళ్ళిన వెంటనే ఇల్లు ఊడవరాదంటారు. పిల్లి ఎదురైతే కాసేపు ఆగుతారు. పెద్దలు ప్రేమతోనే ఇవి చేస్తారు, వారిని కసురుకోవద్దు. కాని శకునాలకు వాస్తవం లేదని దైవప్రవక్త (స) స్పష్టంగా చెప్పారు. కాపాడేవాడు అల్లాహ్ ఒక్కడే. నాణెం చేతికి కట్టటానికి బదులు పేదవాని చేతిలో సదకాగా పెట్టండి.

సున్నత్ తీరు ఎంతో సులువు. ప్రయాణికుణ్ణి దగ్గరకు తీసుకుని చేయి పట్టుకుని అతని ధర్మాన్ని, అమానతును, చివరి కర్మలను అల్లాహ్‌కు అప్పగిస్తున్నట్లు దుఆ చేయాలి. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఇలాగే చేసేవారు, దైవప్రవక్త (స) మమ్మల్ని ఇలాగే సాగనంపేవారని చెప్పేవారు. వెళ్ళేవాడు తన వంతుగా, అప్పగించిన వాటిని ఎన్నడూ పోగొట్టని అల్లాహ్‌కు ఇంటివారిని అప్పగించాలి. ఈ దుఆల అరబీ పదాలు మీ మసీదు ఇమామ్ గారి దగ్గర పిల్లలందరూ నేర్చుకోవచ్చు. ప్రయాణికుని దుఆ, బిడ్డ కోసం తల్లిదండ్రుల దుఆ, పీడితుని దుఆ, ఈ మూడూ తిరస్కరించబడవని హదీసు చెబుతోంది. ఇంటి గడప దగ్గర వీటిలో రెండు ఒకేసారి కలుస్తున్నాయి!

తల్లి కన్నీరు తప్పా? కాదు. తన పసికుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కంట నీరు పెట్టారు. నోట అల్లాహ్‌కు నచ్చని మాట రాకుంటే చాలు. అయితే బిడ్డ కూడా ఒక సంఘటన గుర్తుంచుకోవాలి. తల్లిదండ్రులు ఏడుస్తుండగా వారిని వదలి హిజ్రత్ చేయటానికి ఒకాయన వచ్చారు. తిరిగి వెళ్ళి, ఏడిపించినట్లే వారిని నవ్వించమని ప్రవక్త (స) పంపివేశారు. తల్లిదండ్రులను చూసుకునేవారు మరెవరూ లేకుండా, వారు తనమీదే ఆధారపడి ఉండగా, అనుమతి లేకుండా వెళ్ళటం ధర్మసమ్మతం కాదని పండితులు తేల్చారు. చూసుకునేవారు ఉండి, వారు సంతోషంగా పంపితే హలాల్ సంపాదన కోసం వెళ్ళటం పుణ్యకార్యమే.

నమాజు గురించి ఒక మాట. హనఫీ ఫిఖహ్ ప్రకారం సుమారు 77 కిలోమీటర్ల ప్రయాణానికి బయలుదేరి ఊరి పొలిమేర దాటాకే నాలుగు రకాతుల ఫర్జ్ నమాజు రెండుగా (ఖస్ర్) చేయాలి. ఆ రాత్రి ఇంట్లో ఇషా పూర్తిగానే చేయాలి. అక్కడికి చేరాక పదిహేను రోజులు లేదా అంతకు మించి ఉండే ఉద్దేశం ఉంటే మళ్ళీ పూర్తి నమాజే. పరదేశంలో ఉన్నాం కదా అని ఏళ్ళ తరబడి ఖస్ర్ చేసేవారు ఇది గమనించాలి.

ఇల్లు ఖాళీ అయ్యాక

ప్రయాణం ఒక రకమైన యాతన, అది మనిషి నిద్రనూ, తిండినీ, పానీయాన్నీ అడ్డుకుంటుంది, పని ముగియగానే త్వరగా ఇంటివారిని చేరుకోండి అన్నది దైవప్రవక్త (స) ఉపదేశం. కనుక వెళ్ళేవాడు ఎంతకాలం, ఎంత మొత్తం కోసం అన్న హద్దు పెట్టుకుని వెళ్ళాలి. హద్దు లేని సంపాదనలో పిల్లల బాల్యం కరిగిపోతుంది, తల్లిదండ్రుల ముసలితనం ముగిసిపోతుంది. పసివాడైన ఉమర్ బిన్ అబీ సలమా (రజి) చేయి పళ్ళెమంతా తిరుగుతుంటే దైవప్రవక్త (స) ఆయనకు బిస్మిల్లాహ్ అనమని, కుడిచేత్తో తినమని, తన ముందు నుంచి తినమని నేర్పారు. ఇలాంటి పాఠం వాట్సాప్ వీడియోలో నేర్పలేం. పక్కన కూర్చుని, చేయి పట్టుకుని నేర్పాలి.

కనుక సోదర సోదరీమణులారా! మీ ఇంట ఈసారి ఆ దస్తర్‌ఖాన్ పరిచినప్పుడు నాలుగు పనులు మరవకండి. అలిగినవారిని పిలవండి. ఇంటి పట్టున ఉండే బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి. భార్య మాట ఏకాంతంలో వినండి. ఇచ్చిపుచ్చుకోవలసినవి రాసి పెట్టండి. ఆ తరువాత సూట్‌కేసు మూసి, చేయి పట్టుకుని, అల్లాహ్‌కు అప్పగించండి.

ఏళ్ళ తరబడి కన్నీటితో ఎదురుచూసిన యాఖూబ్ (అ)ను చివరికి యూసుఫ్ (అ)తో కలిపిన అల్లాహ్, దూరదేశాల్లో ఉన్న మన బిడ్డలను క్షేమంగా కాపాడుగాక! వారి సంపాదనను హలాల్ చేయుగాక! ఇహలోకంలో విడిపోయిన కుటుంబాలను మళ్ళీ ఒకే దస్తర్‌ఖాన్ వద్ద, పరలోకంలో స్వర్గవనాల్లో కలుపుగాక! ఆమీన్.